తల్లిని తూచిన పిల్లలు

మద్రాసు అనగానే మన పెద్దవాళ్లకు కోడంబాకం స్టూడియోలు గుర్తొస్తాయి, పానగల్ పార్కు గుర్తొస్తుంది, తెల్లవారుజామున సెంట్రల్ స్టేషనులో దిగిన రోజులు గుర్తొస్తాయి. నాకు మాత్రం నుంగంబాకంలో ఒక రాతి స్తంభం గుర్తొస్తుంది. వాతావరణ శాఖ వారి ఆవరణలో అది ఇప్పటికీ నిలబడే ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీ అక్కడ వేధశాల కట్టినప్పుడు, ఆకాశాన్ని కొలిచే పరికరం అదరకుండా బెదరకుండా నిలవాలని ఈ గ్రానైటు స్తంభాన్ని పాతారు. వెయ్యేళ్ల తర్వాత చూసేవాళ్లకు కూడా తెలియాలని దాని మీద శాసనం చెక్కించారు. లాటిన్‌లో చెక్కించారు, తమిళంలో చెక్కించారు, మన తెలుగులోనూ చెక్కించారు.

తెలుగు అక్షరాలున్న ఆ రాయి పక్క నుంచే 1866 మే 16న ఒక కొత్త చుక్క దొరికింది. ఇవాళ మీతో ఆ చుక్క కబుర్లే చెప్పుకుందామని. తాపీగా కూర్చోండి, కథ కాస్త పెద్దదే.

చుక్కను పట్టినాయన పేరు నార్మన్ పాగ్సన్. ఇంగ్లండులో నాటింగ్‌హాంవాడు. 1861లో ప్రభుత్వ ఖగోళ శాస్త్రజ్ఞుడిగా మద్రాసు వచ్చి, 1891లో చనిపోయేదాకా ముప్పై ఏళ్లు ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. వచ్చిన ఏడాదే ఏప్రిల్ 17న ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి దొరికిన మొట్టమొదటి గ్రహశకలం అది. అందుకే దానికి ‘ఆసియా’ అనే పేరు పెట్టారు. ఆ తర్వాత సాఫో, సిల్వియా, కెమిల్లా, 1885లో వీరా. మద్రాసు నుంచి పట్టినవి మొత్తం అయిదు. మన కథానాయిక ఆ మధ్యలో ఉన్న సిల్వియా. పుట్టిన లెక్కలో కాదుగాని, దొరికిన వరసలో ఆమెది 87వ నంబరు.

ఆ రోజుల్లో గ్రహశకలాన్ని పట్టడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. ఫొటోలతో పట్టే పద్ధతి ఇంకా లేదు. ఆకాశంలో జానెడు ముక్క తీసుకుని, అందులో టెలిస్కోపుకు అందే ప్రతి చుక్కనూ చేత్తో కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి. మర్నాటి రాత్రి మళ్లీ అదే ముక్కను చూడాలి. ఆ మర్నాడు మళ్లీ. నక్షత్రాలు పెట్టిన చోటే ఉంటాయి. వందల చుక్కల్లో ఏ ఒక్కటైనా కాస్త జరిగిందంటే అది నక్షత్రం కాదు, సూర్యుడి చుట్టూ తిరుగుతున్న మన ఇంటి మనిషి. మే నెల మద్రాసు ఉక్కలో కన్ను కటకానికి ఆనించి, చెమట కాగితం మీద పడకుండా చూసుకుంటూ ఈ పని చేయాలి. పాగ్సన్ పోయిన ఏడాదే, 1891 డిసెంబరులో, జర్మనీలో మాక్స్ వోల్ఫ్ తొలిసారి ఫొటోతో ఒక గ్రహశకలాన్ని పట్టాడు. అక్కడితో కంటితో వెతికే కాలం వెనకబడింది.

వేధశాలలో పాగ్సన్ ఒక్కడే లేడు. చింతామణి రఘునాథాచారిగారు అక్కడే మొదటి సహాయకుడు. 1867లో, అంటే సిల్వియా దొరికిన మరుసటి ఏడు, వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని ఆయన కనిపెట్టారు. కంటికి కనిపించే గ్రహస్థితులతో సరిపోయేలా దృగ్గణిత పంచాంగం వేసిందీ ఆయనే. పాగ్సన్ కూతురు ఎలిజబెత్ ఐసిస్ 1873 నుంచి లెక్కల సహాయకురాలిగా పనిచేసింది. 1886లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి ఆమె పేరు ప్రతిపాదిస్తే, ఆడవాళ్లకు నిబంధనలు ఒప్పుకోవని పక్కన పెట్టారు. చివరికి 1920లో ఇచ్చారు. ముప్పై నాలుగేళ్లు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

సరే, సిల్వియా దగ్గరకు వద్దాం. చుక్కల వెలుగును తరగతులుగా చెప్పే పద్ధతి చాలా పాతది. బాగా వెలిగేవి మొదటి తరగతి, కంటికి కష్టంమీద ఆనేవి ఆరో తరగతి. దానికి లెక్క బిగించింది ఈ పాగ్సనే, 1856లో. అయిదు తరగతుల తేడా అంటే సరిగ్గా 100 రెట్ల తేడా అన్నాడు. ప్రపంచమంతా నేటికీ ఆ కొలతే వాడుతోంది. ఆయన కొలతలోనే ఆయన పట్టిన చుక్కను కొలిస్తే, సిల్వియా మనకు బాగా దగ్గరగా వచ్చిన రోజుల్లో కూడా 11, 12 తరగతుల మధ్య ఉంటుంది. అంటే అమావాస్య రాత్రి మంచి చూపున్నవాళ్లకు లీలగా ఆనే చుక్క కంటే వంద రెట్లు పైగా మసక.

మసక ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి దూరం. అంగారకుడికీ బృహస్పతికీ నడుమ గ్రహశకలాల పట్టీ ఉందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, సిల్వియా ఉండేది ఆ పట్టీకి వెలుపలి అంచున. సూర్యుడి నుంచి సగటున 52 కోట్ల కిలోమీటర్లు. భూమికున్న దూరానికి దాదాపు మూడున్నర రెట్లు. అక్కడి ఎండ మన ఎండలో పన్నెండో వంతు. రెండోది ఒంటి రంగు. తన మీద పడిన వెలుగులో వందకు నాలుగైదు పాళ్లే తిరిగి పంపుతుంది. బొగ్గులాంటి నలుపన్నమాట.

దారి మాత్రం బుద్ధిగానే ఉంటుంది. పూర్తి గుండ్రం కాదు, కొంచెం సాగిన చుట్టు. సూర్యుడికి దగ్గరైనప్పుడు 47 కోట్లు, దూరమైనప్పుడు 57 కోట్ల కిలోమీటర్లు. భూమి తిరిగే తలానికి 11 డిగ్రీలు వాలి ఉంటుంది. సెకనుకు 16 కిలోమీటర్ల వేగంతో నడిచి, ఒక చుట్టుకు ఆరున్నరేళ్లు తీసుకుంటుంది. పాగ్సన్ చూసిన రాత్రి నుంచి లెక్కపెట్టినా ఇప్పటికి దగ్గరదగ్గర పాతిక చుట్లే.

ఈ ఆరున్నరేళ్ల దగ్గర ఒక ముచ్చట ఉంది. దానికి మన పుష్కరాలను తెచ్చుకోవాలి. బృహస్పతి రాశిచక్రం ఒక్కసారి చుట్టి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది కనుకే గోదావరికీ కృష్ణకూ పన్నెండేళ్లకోసారి పుష్కరం. ఇప్పుడు ఆరేళ్లలో ఒక చుట్టు తిరిగే రాయి ఒకటి ఉందనుకోండి. బృహస్పతి ఒక చుట్టు తిరిగేసరికి ఇది రెండు తిరుగుతుంది. అంటే పుష్కరానికోసారి రెండూ సరిగ్గా అదే చోట ఎదురెదురు పడతాయి. ప్రతిసారీ అదే చోట, అదే వైపు బృహస్పతి లాగుతాడు. ఉయ్యాలను ఒకే అదనులో మళ్లీ మళ్లీ తోస్తే ఏమవుతుంది? ఊపు పెరుగుతుంది. అలాగే ఆ రాయి దారి సాగి సాగి, చివరకు అది ఆ చోటు వదిలి పోవలసిందే. అందుకే పట్టీలో ఆ ఆరేళ్ల దారి దగ్గర పెద్ద ఖాళీ ఉంటుంది. ఇలాంటి ఖాళీలున్నాయని అమెరికాలో డేనియల్ కర్క్‌వుడ్ గమనించింది కూడా 1866లోనే. అప్పటికి దొరికినవి తొంభైకి కాస్త అటూ ఇటూ. అంత కొద్ది పోగులో ఆ చిరుగును చూశాడంటే ఆయన చూపుకు దండం పెట్టాలి.

సిల్వియా ఆ పెద్ద ఖాళీకి అవతలి గట్టున ఉంది. రెండు చుట్లకు పదమూడేళ్లు పడుతుంది, పుష్కరం దాటి ఇంకో ఏడాది. కనుక బృహస్పతితో కలిసే చోటు ప్రతిసారీ జరిగిపోతూ ఉంటుంది, తోపులు ఒకదానికొకటి అదను కలవవు. అలా ఖాళీ దాటి వెలుపల స్థిరపడిన వాటిని సిబెలీ గుంపు అంటారు. పట్టీకి ఊరి చివరి పేటలాంటిది. ఆ పేటలోని పెద్ద శకలాల్లో ఒకటి మన సిల్వియా.

ఇంతవరకూ చెప్పినవన్నీ కాగితం, కలం, ఓపిక ఉంటే తేలేవే. ఆ తర్వాతే చిక్కు. చుక్క చుక్కగానే ఉండిపోయింది. విజయవాడలో ఒకరు రూపాయి బిళ్ల ఎత్తి పట్టుకుంటే గుంటూరు నుంచి దాని అంచులు చూడాలి, మనకు సిల్వియా కనిపించే పరిమాణం అంతే. అయినా మనుషులు ఊరుకోలేదు. వెలుగు హెచ్చుతగ్గులను గమనించారు. కొద్ది గంటల్లో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతోంది. పొడుగాటి వస్తువు తన చుట్టూ తాను తిరుగుతుంటే పక్కవాటు కనిపించినప్పుడు వెలుగెక్కువ, కొస కనిపించినప్పుడు తక్కువ. దోసకాయను దారానికి కట్టి దీపం ముందు తిప్పి చూడండి, తెలిసిపోతుంది. అలా తేలింది, సిల్వియా రోజు 5 గంటల 11 నిమిషాలని.

సైజు తేల్చడానికి ఇంకో ఉపాయం. వెలుగును మాత్రమే చూస్తే మోసపోతాం. చిన్న తెల్లటి రాయి, పెద్ద నల్లటి రాయి ఒకేలా మెరవొచ్చు. కానీ నల్లటిది ఎండను మింగి వెచ్చబడి, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతుంది. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం ఆ వేడిని కొలిచింది. సిల్వియా అడ్డుకొలత 260 కిలోమీటర్ల చిల్లర అని తేలింది. ఆ తర్వాతి మెరుగైన కొలతల్లో పొడవు సుమారు 370, వెడల్పు 250, మందం 200 కిలోమీటర్లు. సగటున హైదరాబాదు నుంచి బెజవాడ దాకా ఉండే ఒక బొగ్గుముద్ద.

ఇక మిగిలింది బరువు. నాకు ఈ కథంతటిలో ప్రాణమైన చోటు ఇదే.

కూరగాయల కొట్టు దగ్గర తక్కెడ ఉంటుంది. 52 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నదాన్ని ఏ తక్కెడలో వేస్తారు? కొలత తెలుసు, రంగు తెలుసు, రోజు తెలుసు, సంవత్సరం తెలుసు. లోపల ఏముందో మాత్రం తెలియదు, ఎందుకంటే బరువు తెలియదు. లోపల ఇనుమా, రాయా, మంచా, బోలా? ఒంటరిగా తిరిగే వస్తువు తన బరువును ఎవరికీ చెప్పదు. దాని చుట్టూ ఇంకొకటి తిరుగుతూ ఉండాలి.

చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పిన చేతులకు ఈ సంగతి తెలుసు. రాయి ఎంత వేగంగా తిరిగితే తాడును అంత బిగించి పట్టాలి. ఆకాశంలో తాడు ఉండదు, నడుమనున్నదాని ఆకర్షణే తాడు. చుట్టూ తిరిగేది ఎంత దూరంలో ఉంది, చుట్టుకు ఎంతసేపు పడుతోంది, ఈ రెండూ చాలు. నడుమనున్నదాని బరువు తేలిపోతుంది. విచిత్రమేమిటంటే, తిరిగేది చిన్నదైతే దాని సొంత బరువుతో పనే లేదు. భూమి బరువును చందమామ చెప్పగలదు. సిల్వియా బరువును చెప్పేదెవరు?

2001 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లోని మౌనాకియా కొండ మీద కెక్ టెలిస్కోపుతో మైకేల్ బ్రౌన్, జాన్-లూక్ మార్గోలు సిల్వియా పక్కన ఒక చిన్న చుక్కను చూశారు. మన గాలి ఎప్పుడూ కదులుతూ చుక్కల్ని వణికిస్తుంది. ఆ వణుకును సెకనుకు ఎన్నోసార్లు కొలిచి, దానికి తగ్గట్టు అద్దాన్నే వంచి సరిదిద్దే పద్ధతి అప్పటికి చేతికొచ్చింది. దాంతోనే అది కనిపించింది. 18 కిలోమీటర్ల ప్రాంతం అడ్డుకొలత ఉన్న బుల్లి చందమామ. తర్వాత 2004లో చిలీ దేశంలోని పరానాల్ కొండ మీది పెద్ద టెలిస్కోపుతో ఫ్రాంక్ మార్షీ, పారిస్‌లోని ఆయన సహచరులు ఇదే చుక్కను గమనిస్తూ ఉంటే, ఇంకా లోపల రెండోది బయటపడింది. ఇది మరీ చిన్నది, 7 నుంచి 10 కిలోమీటర్లు. 2005 ఆగస్టులో లోకానికి చెప్పారు. ఒక గ్రహశకలానికి రెండు చందమామలు ఉండడం అంతకుముందు ఎవరూ ఎరగరు.

పేర్ల సంగతి మరీ అందంగా కుదిరింది. రోము నగరం పుట్టుక కథలో రియా సిల్వియా అనే తల్లి ఉంటుంది. ఆమెకు రోములస్, రీమస్ అని కవలలు. పసికందులుగా ఏటి పాలైతే ఒక తోడేలు పాలిచ్చి సాకిందట. పాగ్సన్ తన చుక్కకు ఆ తల్లి పేరు పెట్టాడు. నూట ముప్పై అయిదేళ్లకు ఒక బిడ్డ, ఇంకో మూడేళ్లకు రెండో బిడ్డ దొరికారు. ఇంకేం పేర్లు పెడతారు చెప్పండి!

ఇప్పుడు తూకం వేద్దాం. రోములస్ తల్లికి 1,350 కిలోమీటర్ల దూరంలో ఉంది, మూడున్నర రోజుల పైచిలుకులో ఒక చుట్టు తిరుగుతుంది. రీమస్ 700 కిలోమీటర్ల దూరంలో, ఒక రోజూ తొమ్మిది గంటల్లో. ఏ బిడ్డనడిగినా తల్లి బరువు ఒకటే చెబుతోంది. 14 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని కిలోలు. వినడానికి పెద్దగా ఉన్నా మన చందమామలో ఇది అయిదువేలో వంతు. బరువును ఘనపరిమాణంతో భాగించారు. నీటి కంటే 1.4 రెట్లు కూడా రాలేదు! మామూలు గ్రానైటు రాయి నీటికి 2.7 రెట్లుంటుంది. బొగ్గులా కనిపించే ఈ ముద్ద రాయిలో సగమే బరువు తూగింది.

దాని అర్థం లోపలంతా గట్టి రాయి కాదని. రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పను తలుచుకోండి, రాళ్ల మధ్య ఎంత ఖాళీ ఉంటుందో. దానికి తోడు లోపల మంచూ ఉండవచ్చు. ఎప్పుడో ఒక పెద్ద ఢీ తగిలి ఉంటుంది. ముక్కలు చెదిరిపోయి, చాలావరకు తమ బరువుతో తామే మళ్లీ కుప్పగా చేరి, కొన్ని చుట్టూ తిరుగుతూ మిగిలిపోయాయి. బిడ్డలిద్దరూ అలా పుట్టినవాళ్లేనని శాస్త్రజ్ఞుల నమ్మకం. ఆ దెబ్బకు పుట్టిన మిగతా ముక్కలు, సిల్వియాను పోలిన దారుల్లోనే ఒక కుటుంబంగా తిరుగుతూ ఉండడం కూడా తర్వాత గమనించారు. బిడ్డల దారులను ఇంకా నిశితంగా చదివినవాళ్లు మరో మాట చెబుతున్నారు. లోపలి భాగం పైపొరల కంటే దట్టంగా ఉన్నట్టుందట. అంటే ఒకప్పుడు లోపల కొంత వేడి పుట్టి, బరువైనవి కిందకు దిగి ఉండాలి.

ఒక్క నిమిషం మనం సిల్వియా మీద నిలబడదాం. చలి, సున్నాకు 120 డిగ్రీల దిగువ. గాలి లేదు. భూమ్మీద 60 కిలోలు తూగే మనిషి అక్కడ 300 గ్రాములు తూగుతాడు. నడుము ఎత్తు నుంచి మామిడిపండు జారవిడిస్తే నేలకు చేరడానికి ఆరు సెకన్లు. లెక్కపెట్టండి, ఒకటి, రెండు, మూడు... అది ఇంకా దారిలోనే ఉంటుంది. పొద్దు పొడిచిన రెండున్నర గంటలకే పొద్దుకుంకు, ఇంకో రెండున్నర గంటలకు మళ్లీ పొద్దుపొడుపు. నెత్తిమీద రెండు చందమామలు. చిన్నవే అయినా దగ్గరగా ఉండడంతో రెండూ మన చందమామ కంటే పెద్దగానే కనిపిస్తాయి. అక్కడి నుంచి రీమస్ మీదకు దూకి తల్లి వైపు చూస్తే? నేల అంచు నుంచి నడినెత్తి దాకా ఉన్న ఆకాశంలో మూడో వంతు తల్లే నిండి ఉంటుంది. నల్లటి పొడుగాటి కొండ, కళ్లముందే గంటగంటకూ తిరుగుతూ.

2013 జనవరిలో సిల్వియా ఒక నక్షత్రానికి అడ్డొచ్చింది. యూరప్‌లో ఎందరో ఔత్సాహికులు తమ తమ పెరళ్లలో టెలిస్కోపులు పెట్టుకుని, ఆ నక్షత్రం ఎన్ని సెకన్లు ఆరిపోయిందో గడియారం పట్టి రాసుకున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో గీత. గీతలన్నీ పక్కపక్కన పేరిస్తే నీడ ఆకారం వచ్చేసింది. కొందరికి నక్షత్రం రోములస్ వెనక్కి పోయింది. ఆ బుల్లిది గుండ్రం కాదని, బాగా సాగి ఉందని అలా తెలిసింది. పెద్ద పెద్ద టెలిస్కోపులకు అందని సంగతి పెరట్లో దొరికింది. పాగ్సన్ ఉంటే ఎంత సంతోషించేవాడో.

అన్నట్టు ఆయన 1868లో మద్రాసు నుంచి పట్టిన కెమిల్లా కూడా ఊరి చివరి పేటలోదే. దానికీ 2001లో ఒకటి, 2016లో ఒకటి, రెండు చందమామలు దొరికాయి. నుంగంబాకం చుక్కలు రెండింటికీ ఇద్దరిద్దరు పిల్లలు.

మీ ఊళ్లో కరెంటు దీపాల వెలుగు తక్కువ, మీకో ఆరంగుళాల టెలిస్కోపు అందుబాటులో ఉందనుకోండి. సిల్వియాను మీరూ పట్టవచ్చు. పద్నాలుగు నెలలకోసారి అది సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిక్కుకు వచ్చి, రాత్రంతా ఆకాశంలో ఉంటుంది. ఎక్కడుంటుందో కంప్యూటర్లోని నక్షత్ర పటం చూపిస్తుంది. కానీ మొదటి రాత్రి పటం మూసేసి, కనిపించిన చుక్కలన్నీ మీ చేత్తో కాగితం మీద వేసుకోండి. మర్నాడు మళ్లీ చూడండి. ఒక చుక్క, చందమామ వెడల్పులో మూడో వంతు, పడమటికి జరిగి ఉంటుంది. బిడ్డలు కనిపించరు, ఆ వెలుగులోనే కలిసిపోయి ఉంటారు. ఆ జరిగిన చుక్క చుట్టూ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి, పక్కన తేదీ వేసుకోండి.